పై మెట్టు మీదివాణ్ణి దింపేదెలా?

గోడకు ఒక చెక్క పలక. పైనుంచి కిందికి ఒకటే వరసలో ఇరవై కొక్కేలు. కొక్కేనికో బిళ్ల, బిళ్ల మీద ఓ పేరు. మ్యాచ్ అయ్యాక చెమట తుడుచుకుంటూ ఇద్దరు ఆ పలక దగ్గరికి వస్తారు. గెలిచినవాడు తన బిళ్ల తీసి పై కొక్కేనికి తగిలిస్తాడు. అక్కడున్న బిళ్ల కిందికి దిగుతుంది. అంతే. కప్పు లేదు, దండ లేదు, చప్పట్లు లేవు. కానీ మర్నాడు కోర్టుకు వచ్చిన ప్రతివాడూ భుజాన ఉన్న సంచి దించకముందే ఒకసారి ఆ పలక వైపు చూస్తాడు.

టెన్నిస్ వాళ్లు దీన్ని 'లాడర్' అంటారు. నిచ్చెన అన్నమాట. చెక్క పలకలు పోయి, ఇప్పుడది చాలాచోట్ల ఫోన్‌లోకి, వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసింది. సూత్రం మాత్రం మారలేదు. మీ పైన రెండు మెట్లో మూడు మెట్లో ఎత్తులో ఉన్నవారిని సవాలు చేయొచ్చు. గెలిస్తే వారి మెట్టు మీది, ఓడితే ఎక్కడివారు అక్కడే.

నిచ్చెన అంటే మన పిల్లలకు ముందు గుర్తొచ్చేది వైకుంఠపాళి. అందులో పైకెక్కించేది నిచ్చెన, మింగి కిందికి దించేది పాము. రెండూ పటం మీద గీసి ఉంటాయి, గవ్వలు ఎటు తీసుకెళ్తే అటు. టెన్నిస్ నిచ్చెనలో పటం మీద పాములు ఉండవు. మీకు నిచ్చెన దొరికిందంటే అవతలివాడికి మీరే పాము.

అయితే ఈ నిచ్చెన కథంతా ఎక్కేవాడి కథ కాదు. పైన కూర్చున్నవాడి కథ. ఒకసారి ఎక్కి కూర్చున్నవాణ్ణి ఏం చేయాలి, ఎంతకాలం కూర్చోనివ్వాలి అన్న ప్రశ్న ఆధునిక టెన్నిస్ పుట్టిన నాలుగేళ్లకే వచ్చింది.

బర్మింగ్‌హామ్‌లో హ్యారీ జెమ్, ఆగురియో పెరేరా అనే మిత్రులిద్దరు 1860ల నాటికే పచ్చిక మీద ఇలాంటి ఆట ఆడుకుంటున్నారు. దాన్ని బజారుకెక్కించినవాడు మాత్రం మేజర్ వాల్టర్ క్లాప్టన్ వింగ్‌ఫీల్డ్. 1874లో పేటెంటు తీసుకుని, వల, గుంజలు, రాకెట్లు, బంతులు ఒకే పెట్టెలో సర్ది అమ్మాడు. ఆటకు గ్రీకు నుంచి తెచ్చి 'స్ఫెయిరిస్టికే' అని పేరు పెట్టాడు. అది ఎవరి నోరూ తిరగని పేరు. జనం లాన్ టెన్నిస్ అనేసి ఊరుకున్నారు. మూడేళ్ల తర్వాత, 1877లో, వింబుల్డన్‌లోని క్రోకే క్లబ్బుకు పచ్చిక చదును చేసే పెద్ద రోలరు మరమ్మతుకు డబ్బు కావలసి వచ్చింది. పోటీ పెట్టారు. ఆడేవారికి ఒక గినీ రుసుము, ఫైనల్ చూసేవారికి ఒక షిల్లింగు టికెట్టు. 22 మంది పేర్లిచ్చారు. స్పెన్సర్ గోర్ గెలిచాడు.

మరుసటి ఏడాది చిక్కొచ్చింది. కిందటేడు గెలిచినవాణ్ణి మళ్లీ మొదటి రౌండు నుంచి అందరితో కలిపి ఆడించాలా? నిర్వాహకులు అక్కర్లేదన్నారు. మిగతావాళ్లంతా కొట్టుకుని ఒకణ్ణి తేల్చాలి; ఆ ఒక్కడు వచ్చి ఛాంపియన్‌ను సవాలు చేయాలి. ఛాంపియన్ ఆడేది ఆ ఒక్క మ్యాచే. ఈ ఏర్పాటుకు 'ఛాలెంజ్ రౌండ్' అని పేరు.

1878లో అలా గోర్ ముందుకు వచ్చిన మొదటి సవాలుదారు ఫ్రాంక్ హాడో. సిలోన్‌లో కాఫీ తోటలు పెంచే మనిషి, సెలవు మీద ఇంగ్లండ్ వచ్చాడు. గోర్ బలమంతా వల దగ్గరికి దూసుకొచ్చి బంతి నేల తాకకముందే కొట్టడంలో ఉంది. హాడో కంగారు పడలేదు. వల దగ్గర నిలబడ్డవాడి తల మీదుగా బంతిని మెల్లగా ఎత్తి వెనక పడేయడం మొదలుపెట్టాడు. ఇవాళ ప్రతి పిల్లవాడికీ తెలిసిన 'లాబ్' అదే. గోర్ వెనక్కీ ముందుకూ పరుగెత్తి అలసిపోయి 7-5, 6-1, 9-7తో ఓడాడు. ఒక్క మ్యాచ్ ఆడి కిరీటం నిలుపుకుందామనుకున్న మొదటి మనిషి, ఆ ఒక్క మ్యాచే ఓడాడన్నమాట. ఈ హాడో తర్వాతి సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి.

సవాలు పద్ధతి టెన్నిస్ వాళ్లు కనిపెట్టిందేమీ కాదు. నాలుగు గోడల మధ్య ఆడే పాత టెన్నిస్, ఇప్పుడు 'రియల్ టెన్నిస్' అంటున్న ఆట, సుమారు 1740 నుంచీ ప్రపంచ ఛాంపియన్ల వరసను లెక్కపెట్టుకుంటోంది. అక్కడ బిరుదు చేతులు మారేది సవాలుతోనే. మన సాహిత్యంలో శ్రీనాథుడి కథ ఇంకా పాతది. విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి, ఆయన కంచుఢక్కను పగలగొట్టించాడని చెప్పుకుంటాం. ఆ భట్టును ఓడించేవాడు రానంతవరకూ ఆ ఢక్క మోగుతూనే ఉంటుంది. వచ్చాక ఇక మోగదు. చదరంగంలో నేటికీ అదే తీరు. చెన్నైలో పెరిగిన తెలుగింటి కుర్రాడు దొమ్మరాజు గుకేశ్ 2024లో క్యాండిడేట్స్ పోటీ నెగ్గి, ఆ గెలుపు ఇచ్చిన హక్కుతోనే నవంబరు, డిసెంబరుల్లో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌కు ఎదురుగా కూర్చున్నాడు.

కవికైనా చదరంగం ఆటగాడికైనా ఇది నప్పింది కానీ, వింబుల్డన్‌లో తేడా కొట్టింది. సవాలుదారు పదిరోజులపాటు ఎండలో మ్యాచ్ మీద మ్యాచ్ ఆడి, కాళ్లు పట్టేసి వస్తాడు. ఛాంపియన్ చొక్కా మడత నలగకుండా వచ్చి నిలబడతాడు. విలియం రెన్షా 1881 నుంచి 1886 దాకా వరసగా ఆరుసార్లు గెలిచాడు. వాటిలో చివరి అయిదింటికి ఏడాదికి ఒక్క మ్యాచే ఆడాడు. 1882లో, 1883లో ఎదురు నిలిచింది ఎవరో కాదు, కవల సోదరుడు ఎర్నెస్టే. అట్లాంటిక్ అవతల విలియం లార్నెడ్ 1911లో ఏడో అమెరికా టైటిల్‌ను ఇలాగే ఒక్క మ్యాచ్‌తో నిలుపుకున్నాడు. అప్పటికి ఆయనకు 38 ఏళ్లు.

తాజాగా ఉన్న ఛాంపియనే ప్రతిసారీ నెగ్గాడనుకుంటే పొరపాటు. 1919లో వింబుల్డన్‌లో ఏడుసార్లు విజేత డొరొథియా లాంబర్ట్ ఛాంబర్స్‌కు 40 ఏళ్లు, సవాలు చేసిన సుజాన్ లాంగ్లెన్‌కు 20. మ్యాచ్ 10-8, 4-6, 9-7 దాకా సాగింది, 44 గేములు. ఛాంబర్స్ చేతిలో రెండు మ్యాచ్ పాయింట్లు ఉండగా లాంగ్లెన్ వాటిని దాటుకుని గెలిచింది. ఛాలెంజ్ రౌండ్ మంచి నాటకమే, కాదనలేం. న్యాయం సంగతే వేరు. అమెరికా 1912లో దాన్ని వదిలేసింది, వింబుల్డన్ 1922లో. డేవిస్ కప్ మాత్రం 1971 దాకా పట్టుకు వేలాడింది. ఆ పట్టు బరువు మనవాళ్లకూ తెలిసింది. 1966లో రామనాథన్ కృష్ణన్, జైదీప్ ముఖర్జీ తదితరుల జట్టు దేశం తర్వాత దేశాన్ని ఓడించుకుంటూ మెల్‌బోర్న్ చేరేసరికి, ఆస్ట్రేలియా అప్పటిదాకా ఆ ఏడాది ఒక్క పోటీ కూడా ఆడకుండా కాచుకుని ఉంది. మనం 4-1తో ఓడాం. ఆ ఒక్కటీ కృష్ణన్, ముఖర్జీ కలిసి న్యూకోంబ్, రోచ్ జంటను ఓడించి తెచ్చిన డబుల్స్.

ఛాంపియన్‌ను కూడా అందరితో పాటు డ్రాలోకి దించితే సమస్య తీరుతుందా? పైవాడి సమస్య తీరుతుంది. కిందివాళ్ల సమస్య అలాగే ఉంటుంది. దీన్ని లెక్క కట్టి చూపించినవాడు చార్లెస్ డాడ్జ్‌సన్, ఆక్స్‌ఫర్డ్‌లో గణితం చెప్పిన పంతులు. లోకానికి తెలిసిన పేరు లూయిస్ కారల్. 'ఆలిస్' కథల రచయిత. 1883లో ఆయన లాన్ టెన్నిస్ పోటీల్లో బహుమతులు ఇచ్చే తీరు తప్పని వాదిస్తూ ఓ చిన్న పుస్తకం వేశాడు. ఆయన లెక్క సులువుగానే ఉంటుంది. 32 మంది నాకౌట్ ఆడుతున్నారు, ప్రతి మ్యాచ్‌లోనూ మెరుగైనవాడే గెలుస్తాడనుకుందాం. అందరిలోకీ మొదటివాడు కప్పు కొడతాడు. రెండోవాడికి రెండో బహుమతి రావాలంటే చీటీలు తీసినప్పుడు అతని పేరు డ్రాలో మొదటివాడు లేని సగంలో పడాలి. మిగిలిన 31 స్థానాల్లో అలాంటివి 16. అంటే అవకాశం 16/31, సగం కంటే పిసరంత ఎక్కువ. తక్కినప్పుడల్లా అతను ముందే మొదటివాడి చేతిలో చిత్తయి, అంతకంటే బలహీనుడు పళ్లెం పట్టుకుపోతాడు. ఒక ఆటగాణ్ణి తనకంటే మెరుగైనవాళ్లు ముగ్గురు తేలేదాకా పోటీ నుంచి పంపకూడదని డాడ్జ్‌సన్ ప్రతిపాదించాడు. ఎవరూ వినలేదు. బలమైన పేర్లను డ్రాలో దూరదూరంగా నాటే 'సీడింగ్' వింబుల్డన్‌లో పూర్తిగా అమలయ్యేసరికి 1927 వచ్చింది.

తమాషా ఏమిటంటే, డాడ్జ్‌సన్ వెతుకుతున్న జవాబులో సగం ఆయన కాలేజీ పెరటి పచ్చిక దాటితే నది మీదే ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో 1815 నుంచి, కేంబ్రిడ్జ్‌లో 1827 నుంచి 'బంప్స్' అనే పడవ పందేలు నడుస్తున్నాయి. అక్కడి నదులు సన్నం. పడవలు పక్కపక్కన పోలేవు. అందుకని ఒకదాని వెనక ఒకటి, నడుమ కొలిచిన ఎడంతో వరసగా నిలబెడతారు. కేంబ్రిడ్జ్‌లో ఆ ఎడం సుమారు ఒకటిన్నర పడవ పొడవు. ఫిరంగి పేలగానే అన్నీ కదులుతాయి. ముందు పడవను తాకితే చాలు, ఆ రెండూ ఒడ్డుకు తప్పుకుంటాయి. మర్నాడు తాకినది ముందు, తాకించుకున్నది వెనక. నాలుగు రోజులు ఇలాగే. చివరి రోజు వరస ఎలా ఉందో, వచ్చే ఏడాది మొదటి రోజు అలాగే మొదలవుతుంది. నాలుగు రోజులూ నాలుగు పడవల్ని తాకినవాళ్లకు తెడ్డు బహుమానం, నాలుగు రోజులూ తాకించుకున్నవాళ్లకు చెంచా. (కేంబ్రిడ్జ్‌లో పెద్ద పందేలను మే బంప్స్ అంటారు, జరిగేది జూన్‌లో. ఎందుకని అడిగితే కేంబ్రిడ్జ్ వాళ్లు నొచ్చుకుంటారు.)

టెన్నిస్ లాడర్‌కు ఇంతకంటే దగ్గరి చుట్టం లేదు. ఓడినవాడు ఇంటికి పోడు, ఒక మెట్టు దిగుతాడు. పైన ఉన్నవాడు ఊరికే కూర్చోలేడు, వెనక తెడ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఛాలెంజ్ రౌండ్ నుంచి సవాలును, బంప్స్ నుంచి చోట్ల మార్పిడిని కలిపి, ఏడాది పొడవునా నడిచేలా చేస్తే వచ్చేదే క్లబ్బు గోడ మీది పలక. అమెరికాలో చాలా స్కూళ్లు, కాలేజీల టెన్నిస్ జట్లు కూడా ఒకటో నంబరు ఎవరు, ఆరో నంబరు ఎవరు అన్నది ఈ సవాలు మ్యాచ్‌లతోనే తేల్చుకుంటాయి.

ఔత్సాహికులకు ఇది నప్పడానికి ఇంకో కారణం లెక్క. ఇరవై మంది ఒకరితో ఒకరు అందరూ ఆడాలంటే 190 మ్యాచ్‌లు కావాలి. ఉద్యోగాలు, పిల్లల పరీక్షలు, వానలు చూసుకుంటే అది జరిగే పని కాదు. నాకౌట్ పెడితే మొదటి ఆదివారానికే పది మంది ఇంటికి. లాడర్‌లో వీలున్నవాడు వారానికి రెండు ఆడతాడు, లేనివాడు నెలకొకటి. పలక ఎదురుచూస్తుంది.

ఇక నిబంధనలు. వీటిని ఎవరో కూర్చుని ఒక్కరోజులో రాయలేదు. ఒక్కో నిబంధన వెనకా ఎవరో ఒకరు వేసిన ఎత్తు ఉంటుంది. అయిదో మెట్టు మీదివాడు సవాలు వచ్చినప్పుడల్లా 'ఈ వారం నడుం నొప్పి' అంటాడు. అందుకని గడువు వచ్చింది: వారంలోనో పది రోజుల్లోనో ఆడకపోతే ఓడినట్టే. ఓడినవాడు మర్నాడే అదే మనిషిని మళ్లీ సవాలు చేసి ప్రాణం తీస్తాడు. అందుకని వెంటనే తిరిగి సవాలు కుదరదు, నడుమ ఇంకొకరితో ఆడాలి. ఒకడు పైకి మాత్రమే సవాళ్లు విసురుతాడు, కిందినుంచి వచ్చినవి కనబడనట్టు నటిస్తాడు. అందుకని ముందు వచ్చిన సవాలు తీర్చాకే కొత్తది. ఇంకొకడు మూడో మెట్టు దాకా ఎక్కి రాకెట్ అటకెక్కిస్తాడు. పేరు మాత్రం ఏళ్లతరబడి పలక మీద మెరుస్తూ ఉండాలి. అందుకని నెల రోజులు ఆడనివాడి పేరు దానంతటదే జారుతుంది.

తొమ్మిదోవాడు ఆరోవాణ్ణి ఓడించాడనుకోండి. ఏం చేయాలి? ఒక పద్ధతిలో ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. ఆరోవాడు ఒక్క దెబ్బతో తొమ్మిదికి పడతాడు. రెండో పద్ధతిలో గెలిచినవాడు ఆరులో చొరబడతాడు, ఆరు ఏడవుతుంది, ఏడు ఎనిమిది, ఎనిమిది తొమ్మిది. చూడ్డానికి ఇది మృదువుగా ఉంటుంది. కానీ ఏడోవాడు, ఎనిమిదోవాడు ఆ పొద్దున ఇంట్లో ఇడ్లీ తింటూ కూర్చుని, ఎవరి చేతిలోనూ ఓడకుండా ఒక మెట్టు దిగారు. ఏ లాడర్‌లోనైనా తగవులు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. స్నేహం ముఖ్యమనుకునే చోట మార్పిడే మేలు: ఆడినవాళ్ల లెక్క ఆడినవాళ్ల మధ్యే తేలిపోతుంది.

కొత్తగా చేరినవాణ్ణి అడుగున పెట్టడం సంప్రదాయం. ఆ కొత్తవాడు ఒకప్పటి యూనివర్సిటీ ఆటగాడైతే మాత్రం ఆ సంప్రదాయం అందరికీ శిక్ష. అడుగునుంచి ఒక్కొక్కరినే 6-0, 6-0తో కొట్టుకుంటూ రెండు నెలలు ఎక్కుతాడు, దారిలో ఉన్న సగం మందికి టెన్నిస్ మీదే విరక్తి పుడుతుంది. తెలివైన నిర్వాహకుడు అతనికి ఒక్కసారికి మాత్రం ఎంత పైకైనా సవాలు చేసే వీలిస్తాడు. కొన్ని చోట్ల నిచ్చెనను గోపురంగా మారుస్తారు: పై వరసలో ఒకరు, కింద ఇద్దరు, ఆ కింద ముగ్గురు. ముందు నీ వరసలో ఒకరిని ఓడించు, అప్పుడు పై వరసలో ఎవరినైనా పిలువు. మధ్య మెట్లలో ఇరుక్కుపోయినవాళ్లకు ఇది కాస్త ఊపిరి.

అంపైర్ ఉండడు. గీత దగ్గర పడ్డ బంతి లోపలా బయటా అన్నది ఆ వైపు ఆడేవాడే చెప్పాలి. అమెరికన్ టెన్నిస్‌లో అంపైర్ లేని మ్యాచ్‌ల కోసం కర్నల్ నిక్ పావెల్ రాసిన 'ది కోడ్' అనే నియమావళిని ఇప్పటికీ పాటిస్తారు. సారం ఇంతే: బయట పడ్డట్టు స్పష్టంగా చూస్తేనే బయట అనాలి, అనుమానం ఉంటే పాయింటు అవతలివాడిది. బంతుల డబ్బా ఆచారం కూడా అక్కడిదే. ఇద్దరూ ఒక్కో కొత్త డబ్బా తెస్తారు, ఒకటి తెరిచి ఆడతారు. గెలిచినవాడు మూత తీయని డబ్బా తీసుకుపోతాడు, ఓడినవాడికి ఆ పూట వాడిన మూడు బంతులు. ఓటమిని ఇంత చవగ్గా, ఇంత కచ్చితంగా గుర్తుచేసే వస్తువు ఇంకోటి లేదు. సమయం సంగతి జిమ్మీ వాన్ ఆలెన్ తేల్చాడు. ఆయన పోరుపెట్టి తెచ్చిన టైబ్రేక్ 1970లో యూఎస్ ఓపెన్‌లోకి, 1971లో వింబుల్డన్‌లోకి వచ్చింది. చెరో సెట్టు గెలిస్తే మూడో సెట్టు బదులు పది పాయింట్ల టైబ్రేక్ ఆడి ముగించే అలవాటు అలా వచ్చిందే. కోర్టు బుక్ చేసుకున్న గంటన్నరలో ఆట తేలకపోతే బయట నలుగురు గడియారం చూసుకుంటుంటారు మరి.

మన ఊళ్ల క్లబ్బుల్లో కథ కొంచెం వేరు. సికింద్రాబాద్ క్లబ్ 1878 నాటిది, హాడో గోర్‌ను ఓడించిన ఏడాదే. తెల్లదొరల తర్వాత ఆ కోర్టుల మీదికి, జిల్లా కేంద్రాల ఆఫీసర్స్ క్లబ్బుల మీదికి డాక్టర్లు, ప్లీడర్లు, ఇంజినీర్లు వచ్చారు. హైదరాబాద్ సయ్యద్ మొహమ్మద్ హాదీ లాంటి బహుకళావంతుణ్ణి కూడా ఇచ్చింది: 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడాడు, పదేళ్లకు రంజీ ట్రోఫీ చరిత్రలో తొలి సెంచరీ కొట్టాడు. ఏడు ఆటలు వచ్చు కనక 'రెయిన్‌బో హాదీ' అన్నారు. మామూలు సభ్యులకు మాత్రం సాయంత్రం అంటే డబుల్సే. కోర్టులు రెండు, మనుషులు పదహారు మంది. సింగిల్స్ పెట్టుకుంటే దీపాలు వెలిగేదాకా సగం మంది బెంచీ మీదే. పైగా కలెక్టరు గారి సర్వ్ గీత దాటిందని చెప్పడానికి వేరే రకం ధైర్యం కావాలి. హోదా ఎంతైనా పలక మీద పదకొండో కొక్కెం పదకొండో కొక్కెమే అనే ఏర్పాటుకు అలాంటి చోట చోటు దొరకడం కష్టం.

ఆ క్లబ్బుల్లో అసలు ఎవరు ఏ మెట్టు మీదున్నారో తెలిసిన మనిషి ఒకడుంటాడు: మార్కర్. పొద్దున్నే కోర్టు తడిపి, వల బిగించి, భాగస్వామి రానివారితో ఆడిపెట్టే ఉద్యోగి. ఆ మాట నాలుగు గోడల పాత టెన్నిస్ నుంచి వచ్చింది. అక్కడ స్కోరు చెప్పేవాణ్ణి మార్కర్ అంటారు. మన క్లబ్బుల్లో స్కోరు చెప్పడం పోయింది, పేరు నిలిచింది. ప్రతివాడి బ్యాక్‌హ్యాండ్ బలహీనతా మార్కర్‌కు తెలుసు, పైకి మాత్రం చెప్పడు.

పలక మీది కొక్కేలను అంకెలు మింగడం చదరంగంతో మొదలైంది. హంగరీలో పుట్టి అమెరికాలో ఫిజిక్స్ చెప్పిన అర్పాద్ ఎలో రూపొందించిన రేటింగును అమెరికా చదరంగ సమాఖ్య 1960లో, ప్రపంచ సమాఖ్య 1970లో చేపట్టాయి. నీకంటే బలవంతుణ్ణి ఓడిస్తే ఎక్కువ పాయింట్లు, బలహీనుణ్ణి ఓడిస్తే కొన్నే. సవాలు ఎవరు విసిరారన్నది అక్కర్లేదు. 1973 ఆగస్టు 23న టెన్నిస్ వృత్తి ఆటగాళ్ల సంఘం తొలి కంప్యూటర్ ర్యాంకులు వెలువరించింది. మొదటి స్థానంలో రొమేనియా ఆటగాడు ఇలీ నస్తాసే. ఆ పద్ధతిలోనూ పాత ప్రశ్నకు జవాబు దాగుంది. గెలిచిన పాయింట్లు 52 వారాలకు రాలిపోతాయి. కిందటేడు గెలిచిన చోట ఈ ఏడు మళ్లీ గెలవకపోతే, ఎవరూ సవాలు చేయకుండానే మెట్టు దిగాలి. 2015 ఏప్రిల్‌లో డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయిన హైదరాబాదీ సానియా మీర్జా ఎక్కిందీ ఇలాంటి నిచ్చెనే. అక్కడ వారంవారం బిళ్లలు మార్చే చేయి కంప్యూటర్‌ది.

ఇక హాడో. 1878లో గెలిచిన ఆయన 1879లో టైటిల్ కాపాడుకోవడానికి రాలేదు. ఆ ఏడాది సవాలుదారుగా తేలినవాడు యార్క్‌షైర్ పాదిరి జాన్ హార్ట్‌లీ. అంత దూరం గెలుస్తానని అనుకోలేదు కాబట్టి ఆదివారం ప్రార్థనకు బదులు మనిషిని ఏర్పాటు చేసుకోలేదాయన. పోటీ మధ్యలో రైలెక్కి ఊరెళ్లి, ప్రసంగం చెప్పి, సోమవారానికి తిరిగొచ్చి ఆడాడు. చివరి సవాలు రోజున ఎదురుగా ఛాంపియన్ లేడు. ఒక్క బంతి కొట్టకుండానే హార్ట్‌లీ పై మెట్టెక్కాడు. వింబుల్డన్ సింగిల్స్‌లో ఒక్క సెట్టు కూడా ఓడని ఛాంపియన్‌గా హాడో పేరు నేటికీ చెబుతారు. ఏ ఊరి లాడర్‌లోనైనా ఈపాటికి ఆయన బిళ్ల పక్కన 'ఊళ్లో లేరు' అని రాసి, కింది బిళ్లను తీసి పై కొక్కేనికి తగిలించి ఉండేవారు.